కంటికి ఆననివి

మార్చి 4

కంటి ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లోపల అక్కకి మళ్ళీ చూడాలని మూడోసారి చుక్కలు వేశారు. కంటిపాప పూర్తిగా విచ్చుకోవడానికి ఇంకో అరగంట పడుతుందట.

పొద్దున షాపులో కాలిన కోటుకి రఫూ కుడుతుంటే గుడ్డ మీద చీమ పాకుతోందనుకుని దులిపిందట. మళ్ళీ పాకింది. మళ్ళీ దులిపింది. గుడ్డ పక్కన పెట్టి గోడ వైపు చూస్తే గోడ మీదా అదే చీమ. చీమ కంట్లోనే ఉందని అప్పుడు తెలిసింది. మధ్యాహ్నానికి కుడికంటికి ఎర్రటి పరదా పడిపోయింది. బావ ఫోన్ చేసినప్పుడు నేను మీటింగులో ఉన్నాను. రెండుసార్లు కట్ చేశాను.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. షుగర్ వల్ల కుడికంట్లో రక్తం కారింది. ఎడమకన్ను కూడా మధ్యలో వాచింది. ఇన్నాళ్ళూ ఎందుకు చూపించుకోలేదని అడిగింది.

"చూపించుకున్నానండీ, పోయిన ఏడాదే. ఏ లోపమూ లేదని కాగితం ఇచ్చారు" అంది అక్క. అంతటితో ఆగలేదు. తడుముకుంటూ నా భుజం మీద చెయ్యి వేసి, "మా చెల్లెలి కంపెనీ కంటి పరీక్షల బండే" అంది. ఆ మాటలో ఇంకా గర్వం ఉంది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీద అక్షరాల చార్టు వైపు చూశాను. ఆఖరి వరస దాకా చదివాను.

మార్చి 5

ఆ పరీక్ష జరిగి పద్నాలుగు నెలలైంది. పద్నాలుగు నెలల్లో ఏ జబ్బైనా ముదురుతుంది.

మార్చి 8

ఆదివారం. ఇంట్లో ఎవరూ లేరు. ఒకసారి మొదట్నుంచీ రాసుకుంటే మనసు కుదుటపడుతుందేమో.

మా కంపెనీ బండ్లు ఊళ్ళ వెంట తిరిగి షుగర్ ఉన్నవాళ్ళ కంటి వెనక పొరని ఫోటో తీస్తాయి. ఆ ఫోటో సెంటర్‌కి వస్తే అక్కడ చదివేవాళ్ళు చూసి జబ్బు ఉందో లేదో చెబుతారు. ఫోటో చాలా పెద్దది, బండి దగ్గర సిగ్నల్ అంతంత మాత్రం. ఒక్కో ఫోటో వెళ్ళడానికి పావుగంట పట్టేది. బయట ఎండలో జనం నిలబడి నిలబడి వెళ్ళిపోయేవారు. చూసేవాళ్ళకి తేడా తెలియకుండా ఆ ఫోటోని నలభయ్యో వంతుకి తగ్గించమని నాకు అప్పగించారు.

నేను కొత్తగా చేరినవాళ్ళకి ఎప్పుడూ చెప్పే మాట, కన్ను కెమెరా కాదు, సోమరిది అని. వెలుగునీడల్లో తేడాని పట్టుకున్నంత సన్నగా రంగులో తేడాని పట్టుకోలేదు. అందుకని ఫోటోలో పక్కపక్కనున్న నాలుగు చుక్కలకి కలిపి ఒకటే రంగు ఇస్తే దానికి తెలియదు. మరీ సన్నటి గీతలు, మరీ లేత మరకలు దానికి ఆనవు. గజిబిజిగా ఉన్నచోట చిన్న తేడాలు దాక్కుంటాయి. ఇదేదో నా ఊహ కాదు. మనుషుల్ని చీకటి గదుల్లో కూర్చోబెట్టి, లేత చారలు చూపించి, ఎక్కడ కనపడటం ఆగిపోతుందో ఏళ్ళ తరబడి కొలిచి ఎవరెవరో లెక్కలు కట్టారు. ఆ లెక్కల్ని నేను మా సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. ఆనేది ఉంచు, ఆననిది పారెయ్యి. అంతే.

తర్వాత ఆఫీసులో ఇరవై ఆరు మందిని స్క్రీన్‌కి చేతి దూరంలో కూర్చోబెట్టాం. ఒక పక్క అసలు ఫోటో, ఒక పక్క తగ్గించినది. అసలుది ఏది అని అడిగాం. కళ్ళు మూసుకుని చెప్పినా సగం సార్లు సరిగ్గానే తగులుతుంది. మావాళ్ళు నూటికి యాభై ఒకటిసార్లు సరిగ్గా చెప్పారు. అంటే ఎవరికీ తెలియలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మా డైరెక్టరు, మేమంతా పెద్దాయన అంటాం, "నువ్వు పారేసింది ఎవరికీ కనపడలేదంటే అది అసలు లేనట్టే" అన్నాడు. ఎంత బాగా చెప్పాడనుకున్నాను. బోర్డు మీద రాసి పెట్టాను కూడా.

అక్కని బండి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. షాపులో పని గుట్టలా పడి ఉందని రానంది. పన్నెండేళ్ళుగా షుగర్ పెట్టుకుని కళ్ళు చూపించుకోకపోతే ఎలా, కళ్ళే కదా నీ బతుకు అని కోప్పడి లాక్కెళ్ళాను. పావుగంటలో జవాబు వచ్చింది. లోపమేమీ లేదు, ఏడాది తర్వాత రండి.

ఏడాది తర్వాత రమ్మన్నారు. రెండు నెలలు ఆలస్యం చేసింది అక్కే.

మార్చి 10

కుడికంట్లో రక్తం ఇంకితే గాని లేజర్ పెట్టలేరట. ఎడమకంటికి ఈరోజు సూది వేశారు. అక్క భయపడలేదు. "ముప్పై ఏళ్ళు నేను పొడిచాను, ఇప్పుడు నా వంతు వచ్చింది" అని నర్సుని నవ్వించింది.

బావ నవ్వలేదు. ఆటోలో నా పక్కన కూర్చుని, "నువ్వున్నావు కాబట్టి ధైర్యంగా ఉందమ్మా. ఈ కళ్ళ సంగతులు మాకేం తెలుసు" అన్నాడు.

మార్చి 12

ఆఫీసులో అక్క ఫోటో తీసి చూశాను. ఇన్ని రోజులు ఎందుకు చూడలేదంటే పని ఎక్కువగా ఉండి.

శుభ్రంగా ఉంది. రెండు కళ్ళూ. ఒక్క ఎర్ర చుక్క లేదు. గుండెల మీంచి బరువు దిగిపోయింది. చదివినవాళ్ళ తప్పు లేదు, మా తప్పు లేదు, జబ్బు తర్వాతే వచ్చింది. టీ తెచ్చుకుని వచ్చి మళ్ళీ చూశాను.

ఎక్కువ సేపు చూశాను. పన్నెండేళ్ళ షుగర్ ఉన్న యాభై ఆరేళ్ళ మనిషి కన్ను ఇంత శుభ్రంగా ఉండదు. పెద్దది చేసి చూస్తే నేల అలికినట్టు చదునుగా ఉంది. ఆ చదును ఎవరిదో నాకు తెలుసు.

మార్చి 13

చదునుగా ఉన్నంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు.

మార్చి 16

అసలు ఫోటోలు మేము దాచం. కెమెరాలో జాగా నిండగానే పాతవాటి మీద కొత్తవి పడిపోతాయి. ఆ పద్ధతి పెట్టమన్నది కూడా నేనే. తేడా తెలియని రెండు కాపీలు ఎందుకని.

కెమెరాలు బాగుచేసే లెన్సుని అడిగాను. అతనికి ఆ పేరు ఎవరు పెట్టారో గాని అందరం అలాగే పిలుస్తాం. అక్క వెళ్ళిన బండి నంబరు చెప్పగానే అతను నవ్వి, ఆ బండి కెమెరా పోయిన ఏడాది అక్క వెళ్ళిన రెండు వారాలకే కిందపడి అద్దం పగిలిందనీ, కొత్తది పెట్టి పాతది బీరువాలో పడేశాననీ చెప్పాడు.

"అందులో ఫోటోలు ఉంటాయా?"

"ఎవరూ ముట్టుకోలేదు మేడం. ఆఖరి తొమ్మిది వందల చిల్లర మందివి ఉండాలి. ఏం, ఏమైనా తేడా వచ్చిందా?"

ఏం లేదన్నాను. రేపు తెచ్చి ఇస్తానన్నాడు. తొందరేం లేదన్నాను.

మార్చి 18

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక కెమెరాలోంచి ఫోటోలు దించాను. తొమ్మిది వందల పన్నెండు మందివి. తేదీ, నంబరు చూసి అక్కది తీశాను.

కుడికంట్లో పదకొండు ఎర్ర చుక్కలు ఉన్నాయి. కంటి నరం మొదట్లో, వెంట్రుక కంటే సన్నగా, కొత్త రక్తనాళాల కుచ్చు ఉంది. లేతగా ఉంది. కానీ ఉంది. పెద్దది చేసి చూసే ఎవరైనా పట్టుకుంటారు. వారం లోపు ఆసుపత్రికి పొమ్మంటారు. ఇప్పుడు పగిలి రక్తం కారింది ఆ కుచ్చే.

ఆ ఫోటోని నా సెట్టింగుతో తగ్గించాను. చుక్కలు లేవు. కుచ్చు లేదు. ఇంకోసారి చేశాను. మూడోసారి కూడా చేశాను, ఎందుకో నాకే తెలియదు.

ఎక్కడ పోయిందో ఇప్పుడు బాగానే తెలుస్తోంది. నా లెక్క, మనిషి చేతి దూరంలో కూర్చుని మొత్తం ఫోటోని ఒక్కసారిగా చూస్తాడనుకుని కట్టింది. సెంటర్‌లో చదివేవాళ్ళు అలా చూడరు. నాలుగింతలు పెద్దది చేసి మూలమూలా వెతుకుతారు. వాళ్ళు పెద్దది చేసేసరికి చూడాల్సింది నేను పారేసి ఉన్నాను. ఆ ఇరవై ఆరు మందిని నేను అడిగింది రెండు ఫోటోలూ ఒకేలా ఉన్నాయా అని. జబ్బు ఎక్కడుందో వెతకమని ఒక్కరినీ అడగలేదు. ఎర్రటి నేల మీద ఎర్రటి చుక్క. సన్నది, లేతది, రంగులో తప్ప తేడా లేనిది. కంటికి ఆననివి ఏవేవని నేను జాబితా రాసుకున్నానో, ఆ జబ్బు అచ్చం ఆ జాబితాలా ఉంది.

మార్చి 19

పదకొండు.

మార్చి 23

పెద్దాయనకి చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కళ్ళజోడు తీసి రెండు ఫోటోలూ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. ఈ సెట్టింగు బండ్లలో పెట్టి ఎన్నాళ్ళయిందన్నాడు. పదహారు నెలలన్నాను. ఎంతమంది అన్నాడు. నలభై ఒక్క వేలన్నాను.

సాయంత్రానికల్లా సెట్టింగు మార్చమన్నాడు. మార్చాను. నాలుగు అంకెలు, పది నిమిషాల పని.

నలభై ఒక్క వేల మందినీ మళ్ళీ పిలవాలి అన్నాను. "పిలిచి ఏం చెప్తాం? మీ ఫోటోలో ఏదో ఉండి ఉండొచ్చు, లేకపోనూవచ్చు, అసలుది మా దగ్గర లేదు అని చెప్తామా? లాయర్లని అడుగుదాం. తొందరపడకు" అన్నాడు. ఆ తర్వాత మీ అక్కగారికి ఎలా ఉందని అడిగాడు. మర్యాద తెలిసిన మనిషి. బాగానే ఉందన్నాను.

మార్చి 30

కుడికంటికి ఆపరేషన్ చేశారు. లోపల పొర ఊడిపోయి ఉందట. అతికించారు. నిలుస్తుందో లేదో నెల పోతే గాని చెప్పలేమన్నారు.

అక్క మంచం మీద బోర్లా పడుకుని ఉంది. అలాగే పడుకోవాలట, రెండు వారాలు. దిండులోంచి మాట్లాడింది. షాపులో తను సగం కుట్టి వదిలేసిన కోటు ఎవరికిచ్చారో కనుక్కోమంది. మోచేతి దగ్గర కాలిన కోటు. లోపలి అంచులోంచి పోగులు లాగి కుట్టాలి గాని బయటి దారం వాడితే వెలుగులో తెలిసిపోతుందని చెప్పమంది. వెళ్ళి చెప్పాను. అప్పటికే బయటి దారంతో కుట్టి ఇచ్చేశారట. నీ మాట ప్రకారమే కుట్టారని అక్కకి చెప్పాను.

ఇదొక అబద్ధం. ఇంకోటి రేపు చెప్తాను. ఇంకోటి అని రాశాను. నిజం అని రాయబోయాను.

ఏప్రిల్ 2

రేపు చెప్తాను.

ఏప్రిల్ 9

కెమెరాలో దొరికిన తొమ్మిది వందల పన్నెండు మందివీ రెండు రకాల ఫోటోలూ డాక్టరమ్మకి ఇచ్చాను. ఎవరివో, ఎక్కడివో చెప్పలేదు. ఈరోజు జవాబు ఇచ్చింది. అసలు ఫోటోల్లో జబ్బు ఉండి, తగ్గించినవాటిలో కనపడనివాళ్ళు ముప్పై ఒక్కరు. అందులో అక్క ఒకతె.

నలభై ఒక్క వేలకి ఆ లెక్కన దాదాపు పద్నాలుగు వందల మంది. వాళ్ళెవరో ఎప్పటికీ తెలియదు.

పెద్దాయన ఆ కాగితం తీసుకుని లాయర్లకి పంపాడు. పరీక్ష చేయించుకున్న అందరికీ ఒక మెసేజి వెళ్ళింది. "మీ ఏడాది కంటి పరీక్ష సమయం వచ్చింది, దయచేసి రండి." అంతే. నాకూ వచ్చింది. అక్క పేరు పక్కన నా నంబరు ఇచ్చి ఉన్నాను కదా.

ఏప్రిల్ 17

అక్క కాక ముప్పై మంది. భోజనం వేళ మెట్ల మీద కూర్చుని నా సొంత ఫోన్ నుంచి చేస్తున్నాను. నాలుగు రోజుల్లో పదిహేడు మందికి చేశాను. పదకొండు మంది ఎత్తారు.

ఒక లారీ డ్రైవరు సాంతం విన్నాడు. విని, "మీ కాగితం చూపించే లైసెన్సు మళ్ళీ రాయించుకున్నానమ్మా. ఇప్పుడు మీరే కాదంటే నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు. ఆసుపత్రికి వెళ్ళండి అన్నాను. లోడు దించాలి అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఒకింట్లో కోడలు ఎత్తింది. మామయ్యకి కిందటి చలికాలం నుంచీ చూపు లేదంది. మీరెవరని అడిగింది. చెప్పాను. ఆవిడ తిట్టలేదు. ఎవరితోనో, రాంగ్ నంబరట అని చెప్పి పెట్టేసింది.

ఒక టీచరు రేపే వెళ్తానంది. ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు అని రాసుకుంది. ఆవిడ ఒక్కావిడ వెళ్తుందనుకుంటున్నాను.

ఏప్రిల్ 20

టీచరు వెళ్ళలేదు. సెలవు దొరకలేదంది.

ఏప్రిల్ 21

నేను ఫోన్లు చేస్తున్న సంగతి ఎవరో కంపెనీకి చెప్పారు. పేషెంట్ల రికార్డులు నాకు తెరుచుకోవడం లేదు. మిగిలిన పదమూడు మంది నంబర్లు నేను రాసి పెట్టుకోలేదు. రోజుకి కొన్ని చూసుకుంటే సరిపోతుందనుకున్నాను.

లెన్సు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. పగిలిన కెమెరా వెనక్కి ఇచ్చెయ్యమన్నారట. ఇచ్చాను. "అడగకుండా ఉండాల్సింది మేడం మీరు" అన్నాడు. అందులో ఎకసెక్కం లేదు. నా మీద జాలే.

ఏప్రిల్ 28

కుడికన్ను నిలవలేదు. పొర మళ్ళీ ఊడింది. ఇక ముట్టుకోకపోవడమే మంచిదన్నారు.

ఎడమకంట్లో మధ్య భాగం పోయింది, చుట్టూ ఉంది. మనిషి దేన్ని సూటిగా చూస్తే అది మాయమైపోతుంది. అక్క దానికి అప్పుడే ఒక ఉపాయం కనిపెట్టుకుంది. నా మొహం చూడాలంటే నా చెవి పక్కకి చూస్తుంది. అలా చూస్తే మొహం మసకమసగ్గా అంచులో ఆనుతుందట. మాట్లాడుతున్నంతసేపూ నా వెనక ఎవరో నిలబడ్డట్టు చూసింది. నేను రెండుసార్లు వెనక్కి తిరిగాను.

బావ వంటింట్లోకి పిలిచి చెప్పాడు. తను లేనప్పుడు అక్క సూదిలో దారం ఎక్కించడానికి ప్రయత్నిస్తోందట. వేళ్ళ నిండా గాట్లే.

మే 3

చెప్పేశాను.

మధ్యాహ్నం వెళ్ళాను. అక్క కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. బావ టీ పెట్టి అక్కడే నిలబడ్డాడు. అతన్ని బయటికి పంపి చెబుదామనుకున్నాను. పంపలేదు.

"అక్కా, పోయిన ఏడాది తీసిన ఫోటోలో నీ జబ్బు పడింది. నేనే చెరిపేశాను."

"చెరిపావా?"

"కావాలని కాదు. కంటికి ఆననివన్నీ తీసెయ్యమని నేను ఒక లెక్క రాశాను. అది తీసేసింది."

"ఎవరి కంటికి?"

ఆఫీసులో ఇరవై ఆరు మందిని కూర్చోబెట్టి అడిగామనీ, అసలుదేదో తగ్గించినదేదో ఒక్కరూ కనుక్కోలేకపోయారనీ చెప్పాను.  అక్క గోడ గడియారం వైపు మొహం తిప్పింది. అంటే నన్ను చూస్తోందని అర్థం.

"నన్ను కూర్చోబెట్టకపోయావా. నేను పట్టుకునేదాన్ని."

గొప్పకి అన్న మాట కాదు. నిజం. ముప్పై ఏళ్ళు ఒక పోగుకీ పక్క పోగుకీ తేడా పట్టుకుని బతికిన మనిషి. అక్క పట్టుకునేది.

"అప్పుడే తెలిసుంటే?" అంది.

"లేజర్ పెట్టేవాళ్ళు. చాలామందికి చూపు నిలుస్తుంది."

కొందరికి అనొచ్చు. చెప్పలేం అని కూడా అనొచ్చు, డాక్టరమ్మ అలాగే అంటుంది. నేను చాలామందికి అన్నాను. ఏదీ తగ్గించకుండా చెప్పడం ఈ రెండు నెలల్లో ఇదే మొదటిసారి.

బావ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మా అందరికీ నువ్వే చూసి పెట్టావు కదమ్మా" అన్నాడు. 

అక్క, టీ చల్లారిపోతోంది తాగమంది. తాగాను. గ్లాసు కడిగి బోర్లించి వచ్చాక అంది.

"కొన్నాళ్ళు ఇటు రాకే."

మే 4

ఎన్నాళ్ళో అడగలేదు.

మే 12

బావని వాళ్ళ వీధి మలుపులో కలిశాను. నేను అటుగా వెళ్తూ కలవలేదు, కలవడానికే వెళ్ళాను. అక్క ఎలా ఉందని అడిగితే, ఉంది అన్నాడు. కోపంగా ఉందా అంటే, కోపమైతే బాగుండేది, ఏమీ అనట్లేదు అన్నాడు. నేను తెచ్చిన మందులు తీసుకుని, నువ్వు తెచ్చావని చెప్పనులే అన్నాడు.

మే 19

రాజీనామా ఇచ్చాను. పెద్దాయన రెండుసార్లు వద్దన్నాడు, మూడోసారి సంతకం పెట్టాడు. కొత్త సెట్టింగుతో ఫోటో పంపడానికి నాలుగు నిమిషాలు పడుతోందట. బండ్ల దగ్గర జనం మళ్ళీ లేచి వెళ్ళిపోతున్నారట. ఆ వెళ్ళిపోయేవాళ్ళలో ఎందరికి జబ్బు ఉందో చెప్పగలవా అని అడిగాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. 

బోర్డు మీద రాసిన మాట చెరపడానికి వెళ్తే ఎవరో ఎప్పుడో చెరిపేసి ఉన్నారు.

మే 30

అక్క ఫోన్ చేసింది. పని ఉంది, రమ్మంది. అంతే అంది.

పరుగెత్తాను. ఆయాసపడుతూ వెళ్ళేసరికి అక్క నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ దారపు ఉండలు, వందకి పైగా. షాపులో కొత్తగా పెట్టుకున్నావిడకి అక్క తన దారాలన్నీ ఇచ్చేస్తోంది. అరల్లో వరసగా సర్ది ఉన్న డబ్బా, ఏ వరసలో ఏది ఉందో అక్కకి చెయ్యి పెడితే తెలుసు. బావ దించబోయి కింద పడేశాడట. అన్నీ కలిసిపోయాయి. బావకి రంగులు అసలే పట్టవు. అందుకని నేను.

ఒక ఉండ తీసి నా చేతిలో పెట్టింది. "ఇదేం రంగు?"

"నీలం."

"ఏ నీలం?"

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. "ముదురు నీలం."

ఇంకోటి ఇచ్చింది. "దీనికంటే ముదురా, లేతా?"

రెండూ పక్కపక్కన పెట్టి వెలుగుకి పట్టుకున్నాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. రెండు రంగుల మధ్య తేడాని అంకెల్లో చెప్పే లెక్కలు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. చేతిలో దారం పెడితే ఏమీ రాలేదు.

"రెండూ ఒకటేలా ఉన్నాయక్కా."

"ఒకటి కాదు. ఒకటే అయితే రెండెందుకు ఉంచుకుంటాను?"

మూడోది ఇచ్చింది. నాలుగోది ఇచ్చింది. నీలం, నీలం అంటూ పోయాను. ఐదోదానికి అబద్ధం చెప్పాను, కాస్త లేత అని. అక్క ఆ ఉండని నా చేతిలోంచి తీసుకుని, కొసని రెండు వేళ్ళ మధ్య నలిపి, నా చెవి పక్కకి చూస్తూ కూర్చుంది.

"సరేలే. నీకు అన్నీ ఒకటేగా" అంది. "అన్నీ ఒకే సంచిలో వెయ్యి."

వేశాను.